చార్టులో మనిషికి ఏమేమి అంటించాలి?

మా కళాశాలలో ఆఖరి సంవత్సరం పిల్లలు ప్రాజెక్టు పేరుతో తెచ్చే లింకు చార్టుల మీద, అంటే మనుషుల్ని బొమ్మలుగా, వారి మధ్య సంబంధాల్ని గీతలుగా చూపే పటాల మీద, నాకు ఎప్పటినుంచో ఒక ఫిర్యాదు ఉంది. మనిషి బొమ్మ గోరంత ఉంటుంది, దాని కింద వివరాల జాబితా చాంతాడంత. పేరు, వయసు, ఊరు, మండలం, జిల్లా, కులం, చదువు, పడవ పేరు, పడవ యజమాని, హోదా, అడ్వాన్సు, ఆరోగ్యం, ఫోను నంబరు, రేషన్ కార్డు రకం... అన్నీ మనిషికే. మనిషిని మనిషితో కలిపే గీత మాత్రం బోసిగా ఉంటుంది. మహా అయితే దాని మీద 'పరిచయం' అని ఒక ముక్క. గీతలు చూడాలనే కదా చార్టు వేసింది! మనుషుల వివరాలే కావాలంటే ఎక్సెల్ పట్టిక చాలు, ఇంత శ్రమ దండగ.

ఇది పిల్లల బద్ధకం వల్ల వచ్చింది కాదు. సాఫ్ట్‌వేరే అలా దారి చూపిస్తుంది. కొత్త అట్రిబ్యూట్, అంటే బొమ్మకో గీతకో తగిలించే వివరం, నిర్వచించే కిటికీ తెరవగానే అది అడిగేది పేరేమిటి, రకమేమిటి అని. ఈ వివరం ఎవరిది అని మాత్రం అడగదు. మనిషిదా, ఇద్దరి మధ్య నడిచిన వ్యవహారానిదా, లేక తనకంటూ ఒక బొమ్మ ఉండి చార్టులో విడిగా నిలబడాల్సినదా? ఆ ప్రశ్న మనమే వేసుకోవాలి. వేసుకుంటే, మనిషికి అంటించిన వాటిలో చాలా భాగం మనిషివి కావని తేలుతుంది. ఈ వ్యాసంలో నేను వాదించబోయేది అదే.

ఈ సాఫ్ట్‌వేర్ల గురించి తెలియనివారి కోసం కొంచెం. లింకు చార్టుల్లో పేరుమోసింది అనలిస్ట్స్ నోట్‌బుక్. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో 1990లో మొదలైన ఐటూ అనే సంస్థ దాన్ని తయారుచేసింది. 2011లో ఐబీఎం ఆ సంస్థను కొన్నది, 2022లో అది హారిస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ సంస్థ చేతికి వెళ్లింది. పోలీసులు, బ్యాంకు మోసాలు పరిశోధించేవాళ్లు ఎక్కువగా వాడతారు. ఈ కొలువులోకి రాకముందు ఒక బ్యాంకులో ఆ పనే చేశాను కాబట్టి దాని పోకడ నాకు తెలుసు. శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు అంత ఖరీదైన లైసెన్సు ఎవరిస్తారు? మా ల్యాబులో గెఫీ ఉంది. ఫ్రాన్సులోని కాంపియేన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో విద్యార్థులు 2008 ప్రాంతంలో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. మొదటిదాంట్లో బొమ్మను ఎంటిటీ అనీ గీతను లింకు అనీ అంటారు, రెండోదాంట్లో నోడ్, ఎడ్జ్. రెండింటిలోనూ బొమ్మకైనా గీతకైనా మన ఇష్టమొచ్చిన అట్రిబ్యూట్ తగిలించుకోవచ్చు. గీతకు కూడా తగిలించవచ్చన్న సంగతే అందరూ మరిచిపోయేది.

కిందటేడు ఒక జట్టు తీసుకున్న విషయం గుజరాత్‌లోని చేపల రేవు వేరావల్‌కు వలస. మా జిల్లా తీరం పొడవునా ఉన్న మత్స్యకార గ్రామాల నుంచి, పక్కనే విజయనగరం జిల్లా భోగాపురం, పూసపాటిరేగ మండలాల నుంచి మగవాళ్లు ఏటా వానాకాలం నిషేధం ముగిసే వేళకు గుజరాత్ వెళ్లి, అక్కడి యజమానుల పడవల మీద సీజనంతా వేట చేస్తారు. పిల్లలు ఎచ్చెర్ల మండలంలో రెండు ఊళ్లు తిరిగి వివరాలు రాసుకొచ్చారు. మనిషికి 'పడవ' అని ఒక అట్రిబ్యూట్, 'హోదా' అని ఇంకొకటి. హోదాలో తండేల్ (పడవలో వాళ్లందరికీ పెద్ద), డ్రైవరు, కలాసీ (మామూలు పనివాడు).

"మాస్టారూ, ఒకాయనకి రెండు హోదాలు వచ్చాయి. ఏది ఉంచమంటారు?" అని జట్టులోని అమ్మాయి అడిగింది.

"రెండూ నిజమేనా అమ్మా?"

"నిజమేనండీ. ముందటేడు ఒక పడవలో కలాసీ. ఈ ఏడు ఇంకో పడవలో తండేల్."

చూశారా, అసలు సంగతి అక్కడే బయటపడింది. తండేల్ అన్నది పుట్టుమచ్చ కాదు, మనిషితోపాటు మోసుకు తిరగడానికి. ఫలానా సీజనులో ఫలానా పడవకు ఇతను తండేల్. పడవ లేకపోతే ఆ హోదా లేదు. కాబట్టి పడవ చార్టులో సొంత బొమ్మగా ఉండాలి, మనిషి నుంచి పడవకు గీత వెళ్లాలి, హోదా ఆ గీతకు అట్రిబ్యూట్ కావాలి, ఎక్కిన తేదీ, దిగిన తేదీ కూడా ఆ గీతకే. అలా మార్చగానే ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నే లేకుండా పోయింది. ఒకాయన నుంచి రెండు గీతలు, రెండు పడవలకు, రెండు హోదాలతో.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. డేటాబేసు చదివినవారికి పీటర్ చెన్ పేరు తెలిసే ఉంటుంది. 1976లో ఆయన ఎంటిటీ, రిలేషన్‌షిప్ నమూనాను ప్రతిపాదించిన పత్రంలోనే సంబంధానికి కూడా గుణాలుంటాయని ఉదాహరణతో చెప్పాడు. ఒక ఉద్యోగి ఒక ప్రాజెక్టుకు తన సమయంలో ఎంత శాతం ఇస్తున్నాడన్నది ఒక్క ఉద్యోగి వివరమూ కాదు, ఒక్క ప్రాజెక్టు వివరమూ కాదు, ఆ ఇద్దరి సంబంధానిది. పాఠంలో ఇది చెబుతాం, పరీక్షలో రాయిస్తాం, మార్కులు కూడా వేస్తాం. ల్యాబులో కూర్చోగానే అన్నీ తీసుకెళ్లి మనిషికే అంటిస్తాం.

గీతకు తేదీ పెట్టడం ఎంత ముఖ్యమో మా తీరంవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2018 నవంబరు చివర్లో గుజరాత్ వైపు నుంచి వేటకు వెళ్లిన మన మత్స్యకారులు పాకిస్తాన్ సముద్ర భద్రతా దళానికి చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దగ్గర విడుదలై వచ్చేదాకా ఇళ్లలో ఆడవాళ్లు పడిన యాతన జిల్లా అంతా చూసింది. అలాంటి కబురు అందిన రోజున అందరి నోటా వచ్చే ప్రశ్న ఒక్కటే: ఆ రోజు ఆ పడవలో ఎవరెవరున్నారు? మనిషికి 'పడవ' అని అట్రిబ్యూట్ పెట్టుకున్న చార్టు ఈ ప్రశ్నకు జవాబివ్వదు. అందులో చివరిసారి ఎవరో నింపిన పడవ పేరు మాత్రం ఉంటుంది, ఎప్పటిదో తెలియదు. గీత మీద తేదీలున్న చార్టయితే ఆ రోజుకు వడపోస్తే పేర్లు వస్తాయి. పడవ పేరును కూడా నమ్మకూడదు. దేవుళ్ల పేర్లే అటూ ఇటూ తిరుగుతుంటాయి, ఒకే రేవులో ఒకే పేరున్న పడవలు ఎన్నో. పడవ బొమ్మకు గుర్తింపుగా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. గుజరాత్ పడవలైతే ఐఎన్‌డీ, జీజే అక్షరాలతో మొదలవుతుంది. పేరు పైకి కనిపించే చీటీ మాత్రమే.

ఇక డబ్బు. యజమాని సీజనుకు ముందు అడ్వాన్సు ఇస్తాడు. పిల్లల పట్టికలో ఈ గడి నిండిన తీరు చూస్తే నవ్వు వచ్చింది, ఆ తరువాత తల పట్టుకున్నాను. ఒకచోట '40,000', ఒకచోట '40 వేలు', ఒకచోట 'నలభై', ఒకచోట 'కొంత ఇచ్చారు'. అది అక్షరాల రకం గడి కాబట్టి సాఫ్ట్‌వేర్ దేనికీ అడ్డు చెప్పలేదు. గెఫీలో బొమ్మల సైజును ఒక వివరాన్ని బట్టి పెంచాలంటే ఆ వివరం అంకెల రకంగా ఉండాలి. అక్షరాలుగా ఉంటే రంగులుగా విడగొట్టడానికి మాత్రమే పనికొస్తుంది. కాబట్టి చార్టులో '40,000' ఒక రంగు, '40 వేలు' ఇంకో రంగు! చూసేవాడికి రెండూ వేర్వేరు తెగల్లా కనిపిస్తాయి. గడిని అంకెల రకం చేసి, రూపాయల్లోనే, కామాలు లేకుండా అని ముందే రాసి ఉంటే నలభై వేలు అన్నవాడు కూడా 40000 అనే కొట్టేవాడు. 'కొంత' అన్నవాడికి ఖాళీ వదిలి పక్కన వ్యాఖ్య రాసేవాడు.

అంతకంటే ప్రమాదమైనది కలపడం. ఆ ఊళ్లలో ఒకే ఇంటిపేరు వీధులకు వీధులు. పేర్లు కూడా తాతల పేర్లే తిరిగి పెడతారు కాబట్టి ఎర్రయ్య అని పిలిస్తే నలుగురు తలెత్తుతారు. ఒకే ఎర్రయ్య చార్టులో రెండుసార్లు పడ్డాడని తెలిస్తే ఆ రెండు బొమ్మల్నీ ఒకటిగా కలుపుతాం. అప్పుడు రెండింటి అట్రిబ్యూట్లు ఏమవుతాయి? అనలిస్ట్స్ నోట్‌బుక్‌లో దీనికి ముందుగానే ఏర్పాటు ఉంది. అట్రిబ్యూట్‌ను నిర్వచించేటప్పుడే, కలిపినప్పుడు అంకెల్ని కూడాలా, పెద్దది ఉంచాలా, చిన్నది ఉంచాలా అని ఎంచుకోవచ్చు. అక్షరాలైతే ఒకదాని వెనుక ఒకటి చేర్చమనవచ్చు. ఈ ఎంపికను చాలామంది చూడను కూడా చూడరు. ఎర్రయ్య తీసుకున్న 40,000 ఇద్దరు విద్యార్థులు ఇద్దరి దగ్గర విని రెండుసార్లు రాశారనుకోండి. 'కూడు' అని ఉంటే ఎర్రయ్య అప్పు 80,000 అవుతుంది. 'పెద్దది ఉంచు' అని ఉంటే 40,000గానే నిలుస్తుంది. కానీ నిజంగా ఇద్దరు యజమానుల దగ్గర రెండుసార్లు తీసుకుని ఉంటే రెండో పద్ధతి సగం అప్పును మింగేస్తుంది. మరి ఏది సరి? మనిషికి అంటించినంత కాలం రెండూ తప్పే. అడ్వాన్సు యజమానికీ మనిషికీ మధ్య గీత మీద, తేదీతో, ఉంటే కూడిక మనకు కావలసినప్పుడు చేసుకోవచ్చు. రెండు గీతలు ఒకే యజమాని నుంచి, ఒకే తేదీతో కనిపిస్తే అవి ఒకే ఇచ్చిపుచ్చుకోలేమో అని అనుమానమూ వస్తుంది. బ్యాంకులో మేము చేసింది ఇదే. ఖాతాకు 'మొత్తం బదిలీ' అని అంటించిన చార్టు ఎవరినీ పట్టించలేదు, ఒక్కో బదిలీని ఒక్కో గీతగా వేసిన చార్టే పట్టించింది.

ఊరి సంగతి ఇంకొక రకం. ఊరు మనిషికి అట్రిబ్యూట్‌గా ఉండవచ్చా? ఉండవచ్చు, ఊరిని బట్టి రంగు వేయడం తప్ప ఇంకేమీ చేయబోకపోతే. ఒక ఊరివాళ్లంతా ఒకే యజమాని దగ్గరికి ఎందుకు వెళ్తున్నారన్నది ప్రశ్న అయితే ఊరు బొమ్మ కావాలి. పదిమంది పంచుకునేది, వాళ్లను ఒకచోటికి లాగేది ఏదైనా అట్రిబ్యూట్‌గా దాగి ఉంటే కంటికి ఆనదు. ఏ వివరమైనా ఒకసారి అట్రిబ్యూట్, ఇంకోసారి బొమ్మ కావచ్చు. ఏ ప్రశ్నకు వేస్తున్న చార్టు అన్నదాన్ని బట్టే అది తేలుతుంది.

జిల్లా పేరు మాత్రం మా ప్రాంతంలో ఎవరికీ అట్రిబ్యూట్‌గా పెట్టకూడదని నేను గట్టిగా అంటాను. పార్వతీపురాన్నే తీసుకోండి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడేదాకా అది విశాఖపట్నం జిల్లాలో ఉంది. తరువాత శ్రీకాకుళం. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లాకు తానే ముఖ్య పట్టణం. అంగుళం కదలకుండా నాలుగు జిల్లాలు చూసిన ఊరది. అదే రోజున పాలకొండ, సీతంపేట మన్యం జిల్లాలోకి వెళ్లాయి, రాజాం, సంతకవిటి విజయనగరం జిల్లాలోకి వచ్చాయి. భవన నిర్మాణ కూలీల వలస మీద ఇంకో జట్టు వేసిన చార్టులో 2021లో రాసుకున్న రాజాంవాళ్లంతా శ్రీకాకుళం రంగులో, 2023లో రాసుకున్నవాళ్లు విజయనగరం రంగులో వచ్చారు. చూడటానికి శ్రీకాకుళం జిల్లా నుంచి వలస అమాంతం తగ్గిపోయినట్టుంది. తగ్గింది ఏమీ లేదు, గెజిట్ మారింది. జిల్లా ఊరికి చెందిన వివరం, అదీ తేదీతో కలిపి. మనిషి నుంచి ఊరికి గీత, ఊరి నుంచి జిల్లాకు గీత, రెండో గీత మీద ఎప్పటినుంచి ఎప్పటిదాకా. ఇంత పని దేనికి అంటారా? అయితే జిల్లా రాయడం మానేయండి, మండలం చాలు.

వయసు గురించి రెండు ముక్కలు: పుట్టిన సంవత్సరం రాయండి, వయసు కావలసినప్పుడు లెక్కవేసుకోవచ్చు. ఫోను నంబరు, పడవ నంబరు అంకెల్లా కనిపించినా అక్షరాల రకమే, వాటిని ఎవరూ కూడరు, తీసివేయరు. ఆధార్ నంబరు అసలు చార్టులోకే రాకూడదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే కోపం తెప్పించే ఫ్లాగ్ దగ్గరికి వస్తున్నాను. నోట్‌బుక్‌లో అక్షరాలు, అంకెలు, తేదీ-సమయం కాక నాలుగో రకం ఇది. ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు, మూడో మాట లేదు. వాడటం సులువు, బొమ్మ పక్కన చిన్న గుర్తు ముద్దుగా వస్తుంది, అందుకే అందరికీ ఇష్టం. ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద చార్టు వేస్తామని వచ్చిన పిల్లలు మొదట పెట్టిన అట్రిబ్యూట్ 'కిడ్నీ వ్యాధి' అనే ఫ్లాగ్. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎవరినైనా అడగండి, జబ్బు ఉందని తెలిసినవాళ్లు ఒక వరస, పరీక్ష చేయించుకుని లేదని తేలినవాళ్లు ఒక వరస, పరీక్షే చేయించుకోనివాళ్లు ఒక వరస. ఫ్లాగ్ దృష్టిలో చివరి రెండు వరసలూ ఒకటే. పరీక్షకు వెళ్లడానికి భయపడి ఇంట్లో కూర్చున్న మనిషిని చార్టు ఆరోగ్యవంతుల్లో కలిపేసింది! ఎక్కువమంది పరీక్ష చేయించుకున్న ఊరు జబ్బు ఊరుగానూ, ఎవరూ చేయించుకోని ఊరు చల్లని ఊరుగానూ కనిపిస్తాయి. ఇంత పెద్ద అబద్ధాన్ని ఒక టిక్కు గుర్తు చెప్పగలదు.

అక్కడ కావలసింది పరీక్ష అనే ఒక సంఘటన, తేదీతో. దానికి సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) అంకె, మిల్లీగ్రాములు డెసీలీటరుకు అని ప్రమాణం ముందే కట్టిపెట్టి. పరీక్ష లేని మనిషికి గీత ఉండదు, గీత లేకపోవడమే మనకు కావలసిన సమాచారం. తాగునీరు కూడా అంతే. ఉద్దానానికి హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో నీళ్లు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఆ తేదీకి ముందు బోరు నీళ్లు తాగినవాడికి ఇవాళ 'తాగునీరు: కుళాయి' అని రాసి, జబ్బుతో పోల్చి చూస్తే కుళాయే జబ్బు తెచ్చిందని చార్టు చెప్పినా చెబుతుంది. కారణం ఇదీ అని ఇంకా ఎవరూ తేల్చని జబ్బు దగ్గర ఇలాంటి రంగుల బొమ్మ పట్టుకుని ఊళ్లోకి వెళ్లడం ఎంత పనో ఊహించుకోండి.

మా విభాగంలో నాకంటే బాగా ప్రోగ్రాములు రాసే మిత్రుడొకరు ఈ వాదనంతా విని తల అడ్డంగా ఊపుతారు. ఆయన మాట: ముందు అన్నీ రాసి పెట్టుకోండి, ఏది అక్కరకొస్తుందో ఎవరికి తెలుసు, డిస్కులో చోటుకు కరువా? అందులో సబబు లేదని నేను అనను. బ్యాంకులో పనికిరాదనుకున్న ఒక చిరునామా గడి తరువాత దారి చూపిన సందర్భం నాకూ తెలుసు. కానీ అక్కడ ఆ గడి మేము ఎవరినో అడిగి నింపింది కాదు, బ్యాంకు దగ్గర ఉన్నదే. ఎచ్చెర్ల తీరంలో ఒక గడి నిండాలంటే వేట మీద భర్త ఉన్న ఇల్లాలు చేపలు ఎండబెట్టే పని ఆపుకుని, గుమ్మంలో కూర్చుని, ఎవరో పిల్లలు అడిగినదానికల్లా జవాబు చెప్పాలి. "ఇవన్నీ రాసుకుంటే మాకేమైనా వస్తుందా బాబూ?" అని ఆమె అడిగితే మావాళ్ల దగ్గర జవాబు లేదు. కులం గడి ఎందుకు పెట్టారంటే, మునుపటి బ్యాచ్ పట్టికలో ఉంది కాబట్టి అన్నారు. పథకాల అర్హత మీద చార్టు అయితే ఆ గడి ఉండి తీరాలి. పడవలకూ అడ్వాన్సులకూ సంబంధించిన చార్టులో అది రంగులుగా మారి కూర్చుంటే, చూసినవాడు అప్పుకు కారణం అదేనని చదువుకుంటాడు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతి తీసుకుని సేకరించేది చెప్పిన ప్రయోజనానికి అవసరమైనంత వరకే ఉండాలంటుంది. చట్టం లేకపోయినా మర్యాద అదే.

అందుకని ఇప్పుడు ప్రాజెక్టు ఒప్పుకోవడానికి ముందు ఒక తెల్లకాగితం అడుగుతున్నాను. కంప్యూటర్ ముట్టుకోకముందే చార్టు జవాబివ్వాల్సిన ప్రశ్న పైన రాయాలి. కింద ఒక్కో అట్రిబ్యూట్‌కు ఒక్కో వరస: ఏ బొమ్మకు లేదా ఏ గీతకు చెందింది, రకం, ప్రమాణం, తెలియనప్పుడు ఏమి రాయాలి, రెండు బొమ్మలు కలిస్తే ఏమి కావాలి, ఎవరిని అడిగి నింపుతారు. ఆఖరి గడి దగ్గరే సగం అట్రిబ్యూట్లు రాలిపోతాయి. 'చదువు' ఎందుకు అడుగుతున్నారంటే చెప్పలేకపోయారు, కొట్టేశారు. రేషన్ కార్డు కొట్టేశారు. హోదా గీత మీదకు వెళ్లింది.

వేరావల్ జట్టు కాగితంలో ఒక వరస మాత్రం ఇంకా తేలలేదు. అడ్వాన్సు గీత ఒక చివర యజమానికి తగిలింది సరే, రెండో చివర ఎవరికి తగలాలి? తీసుకున్నది మగవాడు. ఆ డబ్బుతో పాత అప్పు తీర్చింది, ఇల్లు నడిపింది ఆడమనిషి. సీజను మధ్యలో అతను జబ్బుపడి తిరిగొస్తే యజమాని మనుషులు వచ్చి నిలబడేది ఆమె గుమ్మం ముందు. మనిషి కాకుండా ఇల్లు అనే బొమ్మ పెట్టి గీతను దానికి కలపాలని ఆ అమ్మాయి అంటోంది. అలా కలిపితే ఏ సంతకం ఎవరిదో పోతుందని జట్టులో మిగతావాళ్ల అభ్యంతరం. నా మొగ్గు అమ్మాయి వైపే, కానీ రెండు చివర్లకూ ఆధారం అడిగాను. వచ్చే ఆదివారం మళ్లీ ఆ ఊరు వెళ్తున్నారు, ఈసారి ఆ ఒక్క ప్రశ్నే పట్టుకుని.